గరాజ్‌లో పొయ్యి తీసేయండి, పెరట్లో పెట్టుకోండి

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా, మెకిన్నీ వైపు సొంతిళ్లు కొనుక్కున్న మనవాళ్లకి ఒక మాట సూటిగా చెప్పాలి: గరాజ్‌లో వంట మానేయండి, పెరట్లోకి రండి. పెరట్లో పొయ్యికి రూల్స్ ఉన్నాయి, కొన్నిటికి పర్మిట్ కావాలి, హెచ్‌ఓఏతో, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘంతో, కాస్త గొడవ పడాల్సి రావచ్చు. అయినా సరే. ఎంతోమంది ఇళ్లలో చూశాను, చెప్పాను, "అన్నా, ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏమైంది?" అనిపించుకున్నాను. ఇక రాయక తప్పదనిపించింది.

అసలు వంట గరాజ్‌లోకి ఎందుకు వెళ్లిందో నాకు బాగా తెలుసు. ఇక్కడి బిల్డర్లు చాలా ఇళ్లలో స్టవ్ పైన మైక్రోవేవ్ బిగించి, దానికింద చిన్న ఫ్యాన్ పెట్టి చేతులు దులుపుకుంటారు. అది పొగని ఒక జాలీలోంచి లాగి మళ్లీ మన మొహం మీదికే వదులుతుంది. బయటికి లాగే గట్టి హుడ్ పెట్టాలంటే, నిమిషానికి 400 ఘనపు అడుగులకి మించి గాలి లాగేదైతే, ఆ పోయిన గాలికి బదులు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా ఉండాలని బిల్డింగ్ కోడ్ అంటుంది. అది ఖర్చు, అందుకే బిల్డర్ దాని జోలికి పోడు. ఈ మధ్య కొత్త ఇళ్లలో స్పైస్ కిచెన్ అని రెండో వంటగది ఇస్తున్నారు గానీ దానికి వేలకు వేలు అదనం. ఇంత డబ్బు పోసి కొన్న ఇంట్లో చేపలు వేయిస్తే మూడు రోజులు సోఫాలో, కర్టెన్లలో, పిల్లల స్కూల్ జాకెట్లలో వాసన. మన వంట బయటికి రావాల్సిందే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. బయట అంటే నాలుగు గోడల మధ్య ఉన్న గరాజ్ కాదు, అంతే.

పెరట్లో ఎందుకు చేయరు అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "హెచ్‌ఓఏ వాళ్లు లెటర్ పంపుతారండీ. గరాజ్‌లో అయితే ఎవరికీ కనపడదు."

నా బాధంతా ఈ జవాబుతోనే. ఇక్కడ ఇంటి దగ్గర బయట వంటకి సంబంధించి మూడు వేర్వేరు పెత్తనాలున్నాయి. ఫైర్ కోడ్, సిటీ పర్మిట్, హెచ్‌ఓఏ. మొదటిది ప్రాణాల కోసం. రెండోది కట్టినదాని గట్టితనం కోసం. మూడోది ఎక్కువగా చూడ్డానికి ఎలా ఉందన్నదాని కోసం. మనవాళ్లు మూడోదానికి వణికిపోయి మొదటిదాన్ని గాలికి వదిలేస్తున్నారు. లెటర్ రాకూడదని మంటని ఇంటి లోపలికి తెచ్చుకుంటున్నారు.

గరాజ్ గురించి ఇంటి కోడ్ ఏమనుకుంటుందో ఒకసారి చూడండి. గరాజ్‌కీ ఇంటికీ మధ్య గోడకి కనీసం అర అంగుళం జిప్సమ్ బోర్డు ఉండాలి. మధ్యలోని తలుపు గట్టి చెక్కదో, 20 నిమిషాలు మంటని ఆపగలిగేదో అయ్యుండి, దానంతటదే మూసుకోవాలని మూల కోడ్ అంటుంది. అక్కడ పెట్టే వాటర్ హీటర్ లాంటి వాటి నిప్పు నేల నుంచి 18 అంగుళాల ఎత్తులో ఉండాలి, ఎందుకంటే పెట్రోలు ఆవిరి నేల మీదే పాకుతుంది. అంటే గరాజ్ అంటుకునే చోటు అని ముందే అనుకుని, ఇంటిని దాని నుంచి కాపాడటానికి కట్టిన ఏర్పాటు ఇది. మనం ఏం చేస్తాం? వేయించిన ముక్కలు లోపలికి మోయాలి కాబట్టి ఆ తలుపు మూసుకోకుండా చెప్పు అడ్డం పెడతాం. రెండు చెప్పులైతే ఇంకా బాగా ఆగుతుంది. ఆ తలుపు ఎందుకు దానంతటదే మూసుకుంటుందో తెలిస్తే ఎవరూ ఆ చెప్పు పెట్టరు.

ప్రొపేన్ గాలికన్నా బరువు, సుమారు ఒకటిన్నర రెట్లు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని మూలల్లో నిలిచిపోతుంది. పెరట్లో అయితే గాలి దాన్ని చెదరగొట్టేస్తుంది. గరాజ్‌లో అది ఎదురుచూస్తూ ఉంటుంది, ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయ్యేదాకానో, తలుపు మోటార్ స్విచ్ నొక్కేదాకానో. సిలిండర్ మీద అంటించిన కాగితం ఒకసారి చదవండి, ఇంట్లో గానీ గరాజ్‌లో గానీ వాడకూడదు, దాచకూడదు అని అక్కడే రాసి ఉంటుంది. ఇక బొగ్గులైతే చెప్పనే అక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి టెక్సస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయినప్పుడు చలికి తట్టుకోలేక బొగ్గుల గ్రిల్స్ ఇంట్లో వెలిగించుకుని, గరాజ్‌లో కార్లు ఆన్ చేసుకుని, కార్బన్ మోనాక్సైడ్‌తో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు సగం తీసి ఉంచాం కదా అనేది ధైర్యం చెప్పుకోవడమే తప్ప లెక్క కాదు.

పెరట్లో ఏది చేయొచ్చు, ఏది కూడదు అన్నది మనవాళ్లు అనుకున్నంత చిక్కేమీ కాదు. టెక్సస్ ఊళ్లు చాలావరకు ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌ని తీసుకుని తమ సవరణలు కలుపుకుంటాయి. అందులో 308.1.4 అనే చిన్న క్లాజు ఉంది. బొగ్గుల గ్రిల్స్, మంటతో పనిచేసే వంట పరికరాలు చెక్క బాల్కనీల మీద గానీ, కాలే స్వభావం ఉన్న కట్టడానికి 10 అడుగుల లోపు గానీ వాడకూడదు. ఒకటి రెండు కుటుంబాల సొంత ఇళ్లకి దీన్నుంచి మినహాయింపు ఉంది. అపార్ట్‌మెంట్ అయితే భవనానికీ బాల్కనీకీ కూడా స్ప్రింక్లర్లు ఉంటే మినహాయింపు, లేదా ఒక పౌండు చిన్న క్యాంపింగ్ సిలిండర్‌తో నడిచేదైతే మినహాయింపు. అయితే అపార్ట్‌మెంట్ లీజులో ఇంతకన్నా కఠినంగా రాసుకుంటారు, అక్కడ కోడ్ ఒప్పుకున్నా లీజు ఒప్పుకోదు. న్యూజెర్సీలో ఉన్న మా బంధువులకి రూల్ ఇంకోలా ఉంది: అపార్ట్‌మెంట్ బాల్కనీలో అసలు కుదరదు, కాలే గోడ నుంచి 5 అడుగుల లోపు కుదరదు, పైన చూరు ఉంటే కుదరదు. అందుకే "మా కజిన్ వాళ్ల ఊళ్లో ఓకే అన్నారు" అనే మాట ఎక్కడా చెల్లదు. మీ సిటీ ఫైర్ మార్షల్ (అగ్నిమాపక అధికారి) ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, నేను చేసినప్పుడు చాలా ఓపికగా చెప్పారు.

సొంతింటికి మినహాయింపు ఉంది కదా అని గోడకి ఆనించి పెట్టేయకండి. కోడ్ వదిలేసినా మంట వదలదు. మన ఇళ్ల ముందు ఇటుక కనిపిస్తుంది గానీ వెనక వైపు చాలాచోట్ల చెక్క గుజ్జుతో చేసిన సైడింగ్, పైన చెక్క చూరు, పక్కన దేవదారు కంచె. జూలై, ఆగస్టుల్లో ఆ కంచె పలకలు చేత్తో విరిచేంతగా ఎండిపోయి ఉంటాయి. అమెరికాలో గ్రిల్స్ వల్ల ఏటా సగటున 10 వేలకు పైగా ఇళ్ల దగ్గర మంటలు రేగుతున్నాయని అక్కడి అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ లెక్క, అందులో జూలైది మొదటి స్థానం. 10 అడుగులు కొలిచి పెట్టుకోవడానికి టేపు చాలు.

బిర్యానీ బర్నర్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన అసలు వాడకం అదే. ఇక్కడ టర్కీ ఫ్రయ్యర్ అని అమ్మే మూడు కాళ్ల స్టాండ్ బర్నర్‌నే మనం దమ్ బిర్యానీకి వాడుతున్నాం. వంటింటి బర్నర్ గంటకి 12, 15 వేల బీటీయూ (వేడి కొలత) ఇస్తే ఇది 50, 60 వేలు ఇస్తుంది. ఆ స్టాండ్ చేసింది సన్నటి పొడుగు గిన్నె కోసం. మనం దాని మీద హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న వెడల్పాటి డేగిసా పెట్టి, అందులో బియ్యం, మాంసం, నీళ్లు, మూత మీద ఇంకో బరువు, అన్నీ కలిపి ముప్పై కిలోలు దాటించేస్తాం. స్టాండ్‌తో వచ్చిన కాగితంలో ఎంత బరువు, ఎంత వెడల్పు గిన్నె అనేది రాసి ఉంటుంది. గడ్డి మీద ఒక కాలు కుంగితే చాలు. చదునైన కాంక్రీటు మీదే పెట్టండి, గారెలకో అరిసెలకో నూనె కాగుతుంటే పక్కనుంచి కదలకండి, నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పొయ్యకండి. సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బు నీళ్లు కలిపి గొట్టం బిగింపు దగ్గర రాయాలి. బుడగలు రాకపోతే వెలిగించుకోవచ్చు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఈ పని తనే తీసుకుంది, ఊళ్లో గ్యాస్ బండ మార్చినప్పుడల్లా చేసే పనే కదా అంది.

ఇలా కదిలించగలిగే బర్నర్‌కి నేను వాకబు చేసిన ఊళ్లలో పర్మిట్ అడగలేదు. బయట మంటల మీద టెక్సస్ పర్యావరణ శాఖకి గట్టి నిబంధనలున్నా, అమ్మకానికి కాకుండా ఇంటి కోసం చేసుకునే వంట మంటకి వాళ్ల రూల్స్‌లోనే అనుమతి రాసి ఉంది. అది తెలిశాక నాకు చాలా బలమొచ్చింది. ఒక్క జాగ్రత్త: ఎండలు ముదిరి కరువు వచ్చినప్పుడు కౌంటీలు బర్న్ బ్యాన్, అంటే బయట మంటలు వేయకూడదనే ఆర్డర్, పెడతాయి, ఒక్కో ఆర్డర్ 90 రోజుల దాకా ఉండొచ్చు, మీరితే 500 డాలర్ల దాకా జరిమానా. వంటకి అందులో సాధారణంగా మినహాయింపు ఉంటుంది గానీ ఆర్డర్‌లో షరతులు ఏమున్నాయో అది చదివితేనే తెలుస్తుంది. కౌంటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, పెద్దదేమీ కాదు.

వంట కాకపోయినా భోగి మంట సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఏటా జనవరిలో నన్ను అడుగుతారు. కోడ్ దృష్టిలో అది వినోదం కోసం వేసే మంట. వెడల్పు 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు దాటకూడదు, ఇంటికీ కంచెకీ 25 అడుగుల దూరం ఉండాలి, ఆరేదాకా ఒకరు దగ్గరే ఉండాలి, నీళ్ల గొట్టం గానీ ఎక్స్‌టింగ్విషర్ గానీ అందుబాటులో ఉండాలి. మన కొత్త కాలనీల పెరళ్లలో 25 అడుగులు దొరకడం కష్టం, కాబట్టి ఇనుప ఫైర్ పిట్ మేలు. పాత కుర్చీలు, రంగు వేసిన చెక్కలు వేయకండి, వేస్తే అది చెత్త తగలబెట్టడం కిందికి వస్తుంది. పిడకల దండకి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇక శాశ్వతంగా కట్టుకునే పొయ్యి. ఇక్కడ పర్మిట్ తప్పదు. కాంక్రీటు పలక వేసి, ఇటుకతో గట్టు కట్టడం వరకు కొన్ని ఊళ్లు పట్టించుకోవు. గ్యాస్ లైన్ లాగినా, కరెంటు పాయింటు పెట్టినా, పైన కప్పు వేసినా సిటీకి వెళ్లాల్సిందే. కాంట్రాక్టర్ వచ్చి "పర్మిట్ ఎందుకు సార్, అది లేకుండా అయితే ఇంకా తక్కువకి చేస్తాను, రెండు రోజుల్లో అయిపోతుంది" అంటాడు. ఆ మాట అన్నవాణ్ణి అక్కడే పంపించేయండి. రేపు ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు కాగితాలు అడిగితే, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడి ఇన్‌స్పెక్టర్ అడిగితే, అతను ఫోన్ ఎత్తడు.

మా ఇంట్లో పని ఎలా జరిగిందో చెబుతాను. ముందు భూమిలో ఉన్న లైన్లు గుర్తు పెట్టించే 811 నంబరుకి ఫోన్ చేశాం, తవ్వే ముందు అది తప్పనిసరి. వాళ్లు వచ్చి గడ్డి మీద పసుపు, ఎరుపు, నారింజ రంగు గీతలు వేసి వెళ్లారు. పసుపు గ్యాస్, ఎరుపు కరెంటు, నారింజ కేబుల్. మేం పొయ్యి పెట్టాలనుకున్న మూలలోనే నారింజ గీత పోతోంది, అందుకని పొయ్యిని జరిపాం. లైసెన్స్ ఉన్న ప్లంబర్ కాలువ తవ్వి పసుపు ప్లాస్టిక్ పైపు, దాని పక్కనే సన్నటి రాగి తీగ వేశాడు. ప్లాస్టిక్‌ని భూమిలో మామూలు లొకేటర్ యంత్రాలు కనిపెట్టలేవు, తర్వాత ఎవరైనా వెతకాలంటే ఆ తీగే ఆధారం. గ్యాస్ పైపు మీద సిటీ కోడ్ చెప్పినంత లోతున మట్టి ఉండాలి. పూడ్చకుండా గేజ్ బిగించి గాలి నింపి వదిలేశాడు. మర్నాడు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి కాలువలోకి వంగి టేపుతో లోతు కొలిచాడు, గేజ్ అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టాడు, ముల్లు కదలలేదు. కొంచెంసేపు నిలబడి మళ్లీ చూశాడు. అప్పుడు పని సరిగ్గా ఉందనే గ్రీన్ ట్యాగ్ రాసిచ్చాడు. నేను కట్టిన ఫీజులో నాకు అత్యంత విలువైన భాగం ఆ వేలితో తట్టడమే. ఆ పైపు మీద మా పిల్లలు ఆడుకుంటున్నారు.

పర్మిట్ అంటే లంచమో, వేధింపో అన్న భయం మనం ఊరి నుంచి మోసుకొచ్చాం. ఆ భయానికి మన దగ్గర కారణాలున్నాయి, కాదనను. ఇక్కడ మాత్రం ఇంటి పని పర్మిట్ అంటే తెలిసిన మనిషి ఒకడు వచ్చి కాంట్రాక్టర్ చేసిన పనిని మన తరఫున చూడటం. దాన్ని తప్పించుకుంటే మోసపోయేది మనమే.

ఇప్పుడు హెచ్‌ఓఏ. సిటీ పర్మిట్ చేతికి వచ్చినా హెచ్‌ఓఏ ఆర్కిటెక్చరల్ కమిటీ అనుమతి వేరే. మా కమిటీ నుంచి నాకు వచ్చిన జవాబు ఒకే వాక్యం: పరిసరాల రూపానికి సరిపోదు, అనుమతి లేదు. ఎందుకు సరిపోదో, ఏం మారిస్తే సరిపోతుందో లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, స్టవ్ తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టుకుంటారు. ఆగకండి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లో 209వ అధ్యాయం ఉంది, అందులో 2021లో చేర్చిన నిబంధన మనకి పనికొచ్చేది. 40 ప్లాట్లకి మించిన అసోసియేషన్లలో, కమిటీ కాదంటే కారణం వివరంగా రాతపూర్వకంగా చెప్పాలి, ఏం మారిస్తే ఒప్పుకుంటారో కూడా చెప్పాలి. ఆ నోటీసు పంపిన 30 రోజుల్లోపు మనం బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు, అడిగిన 30 రోజుల్లో వాళ్లు పెట్టాలి. బోర్డులో ఉన్నవాళ్లు ఆ కమిటీలో ఉండకూడదు కూడా. నేను ఆ సెక్షన్ నంబరు రాసి మర్యాదగా ఒక లెటర్ పెట్టాను. హియరింగ్‌లో గొంతు పెంచలేదు, ఇంటి కొలతల కాగితం, ఫైర్ కోడ్ పేజీ, సిటీ పర్మిట్ బల్ల మీద పెట్టాను. గట్టు ఎత్తు కంచె కన్నా తక్కువ ఉండాలి, ఇటుక ఇంటి ఇటుకకి కలవాలి అన్నారు. సరేనన్నాను. రెండూ న్యాయమైన షరతులే.

పక్కింటివాళ్ల ఇబ్బంది సంగతేంటి అని అడుగుతారు. అడగాల్సిందే. మిరపకాయల ఘాటు ఆస్తమా ఉన్న పిల్లవాడి కిటికీలోకి పోతే అది నిజమైన బాధ, "మా సంస్కృతి" అని దాన్ని కొట్టిపారేయకూడదు. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, వాళ్ల పడగ్గది వైపు కాకుండా పెట్టుకోవడం, రాత్రి పొద్దుపోయాక మానుకోవడం, ఇవి మనం ఎవరూ అడక్కముందే చేయాలి. అయితే మా వీధిలోనే బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) కోసం పన్నెండు గంటలు కట్టెల పొగ పెట్టే స్మోకర్లున్నాయి, వాటిమీద ఎవరికీ లెటర్ వెళ్లినట్టు నేను వినలేదు. నాకు ఆ పొగ అంటే ఇష్టమే, ఆ పొరుగాయన మాకు ఎన్నోసార్లు పంపించాడు. పన్నెండు గంటల ఆ పొగ ఒప్పుకునే వీధి పావుగంట మన తాలింపునీ ఒప్పుకోవాలి, రూల్ ఏదైనా ఇద్దరికీ ఒకేలా ఉండాలి. ఇది దయ కోసం అడిగేది కాదు, మనం కూడా అదే హెచ్‌ఓఏ డ్యూస్ కడుతున్నాం.

ఈ ఊళ్లలో చాలా హెచ్‌ఓఏ బోర్డుల్లో ఇప్పుడు మనవాళ్లే కూర్చుంటున్నారు. వాళ్లకే నా విన్నపం. పెరట్లో వంటగట్టుకి ఒక నమూనా ముందే ఆమోదించి పెట్టండి: ఇంత ఎత్తు, ఇలాంటి ఇటుక, ఇంటి నుంచి కంచె నుంచి ఇంత దూరం, గ్యాస్ ఉంటే సిటీ పర్మిట్ కాపీ జతచేయాలి. ఆ నమూనాకి సరిపోయేవి కమిటీ దాకా రాకుండానే వారంలో అయిపోవాలి. రంగు గురించి, రాయి గురించి పేజీలు పేజీలు రాసుకున్న మన రూల్స్ పుస్తకంలో గరాజ్‌లో ప్రొపేన్ సిలిండర్ గురించి ఒక్క లైను కూడా నాకు కనపడలేదు. ఆ లైను చేర్చండి. పోయిన మీటింగ్‌లో నేను ఇది అడిగితే అజెండాలో లేదన్నారు, అందుకని ఈసారి ముందుగానే రాసి పంపాను. మా సబ్‌డివిజన్‌లో ఉన్నవాళ్లు వార్షిక మీటింగ్‌కి రండి. రాలేకపోతే మీ తరఫున ఇంకొకరు ఓటు వేసే ప్రాక్సీ ఫారం నింపి పంపండి, కోరం (కావాల్సినంత మంది) లేదని వాయిదా పడితే మళ్లీ ఆగాలి.